జీతం తగ్గినా నిలకడైన కొలువు కావాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎక్కువ జీతం వదులుకుని కాస్త ప్రశాంతంగా, భద్రంగా ఉండే ఉద్యోగంలోకి వెళ్లాలా వద్దా అని అడుగుతూ ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. లెక్కలన్నీ 2025–26 పన్ను రేట్ల మీద, కొత్త పన్ను విధానంలో వేసినవి.

ప్రశ్న: సివిల్ ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 29. ప్యాకేజీ 18 లక్షలు. రాత్రి పదకొండు దాకా కాల్స్, శనివారం రిలీజులు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి జూనియర్ ఇంజనీరుగా ఎంపికయ్యాను. లెవెల్ 6, బేసిక్ 35,400. ‘లక్షన్నర నుంచి 35 వేలకు దిగిపోతావా’ అని ఇంట్లో రోజూ గొడవ. చేరమంటారా?

ఇంట్లోవాళ్లు పోలుస్తున్న రెండు అంకెల్లో ఒకటి మీకు రావడం లేదు, రెండోది మీకు రాబోయేది కాదు. ముందు రెంటినీ చేతికొచ్చే జీతంలోకి మార్చుకుందాం.

18 లక్షల ప్యాకేజీలో వేరియబుల్ పే 10 శాతం అనుకుంటే 1,80,000 పక్కన పెట్టాలి. అది వచ్చిన ఏడాది వస్తుంది, రాని ఏడాది రాదు. బేసిక్ సగం, అంటే 9 లక్షలు అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 1,08,000. గ్రాట్యుటీ (ఐదేళ్లు నిండి వెళ్లేటప్పుడు ఇచ్చే మొత్తం) పేరుతో చూపించే 4.81 శాతం మరో 43,290. ఈ మూడూ ప్యాకేజీలో కనిపిస్తాయి కానీ నెలనెలా మీ ఖాతాలో పడవు. మిగిలింది 14,68,710. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 1,08,000 పోతుంది. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 మాత్రమే తీసి లెక్కేస్తే వచ్చే ఆదాయపు పన్ను సెస్సుతో కలిపి 92,619, వృత్తి పన్ను 2,400 పోతాయి. ఏడాదికి 12,65,691, నెలకు 1,05,474. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను నెలకు 1,800 దగ్గరే ఆపుతాయి కాబట్టి మీ పేస్లిప్ ముందు పెట్టుకుని ఈ అంకెలు మార్చుకోండి. ఎంత మార్చినా లక్షన్నర మాత్రం రాదు.

ఇక రెండో వైపు. బేసిక్ 35,400 మీద 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం డీఏ (కరువు భత్యం) 20,532. హైదరాబాద్ ఎక్స్ కేటగిరీ (పెద్ద నగరాల జాబితా) నగరం కాబట్టి ఇంటి అద్దె భత్యం 30 శాతం, 10,620. రవాణా భత్యం 3,600, దానిమీద డీఏ 2,088. మొత్తం 72,240. ఇందులో పెన్షన్ వాటా బేసిక్, డీఏల మీద 10 శాతం, అంటే 5,593 కోస్తారు. కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్‌కు 450, వృత్తి పన్ను 200, గ్రూపు బీమాకు కొద్దిగా పోతుంది. ఆదాయపు పన్ను ఏమీ ఉండదు, ఎందుకంటే జీతగాళ్లకు 12,75,000 దాకా పన్ను పడదు. చేతికి దాదాపు 66 వేలు వస్తుంది.

అంటే మీరు నిజంగా వదులుకునేది నెలకు 39–40 వేలు. చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఇంట్లో చెప్పుకుంటున్న లక్షా పదిహేను వేలకూ దీనికీ చాలా దూరం ఉంది. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. గొడవ సగం అక్కడే ఆగుతుంది.

ఆ కాగితం మీద మూడో గడి కూడా గీయండి. పోస్టింగ్ హైదరాబాద్‌లోనే వస్తుందన్న హామీ లేదు, ఇది దేశమంతటా వేసే కొలువు. జెడ్ కేటగిరీలోని చిన్న ఊళ్లో వేస్తే అద్దె భత్యం 10 శాతానికి, రవాణా భత్యం 1,800కు దిగుతాయి. మొత్తం జీతం 62,316 అవుతుంది. అద్దె కూడా తక్కువే ఉంటుంది గనుక అది పెద్ద దెబ్బ కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే భార్య గానీ, వైద్యం జరుగుతున్న తల్లిదండ్రులు గానీ ఉంటే రెండు కాపురాల ఖర్చు మాత్రం లెక్కలోకి రావాలి.

ప్రశాంతత సంగతి. మీకు ఏ శాఖ వచ్చిందో రాయలేదు, అసలు విషయం అక్కడే ఉంది. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ), మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్, కేంద్ర జల సంఘం, సరిహద్దు రోడ్ల సంస్థ, ఈ నాలుగింటిలో జేఈ (జూనియర్ ఇంజనీరు) హోదా ఒకటే అయినా పని వేరు. సరిహద్దు రోడ్లలో కొండల మీద ఏళ్లు గడపాలి. జల సంఘంలో వానాకాలం వరద కొలతలతో నిద్ర ఉండదు. నిర్మాణ విభాగంలో జేఈ అంటే కొలతల పుస్తకంలో మొదటి సంతకం. కాంట్రాక్టరు వేసిన కాంక్రీటు మందం, వాడిన ఇనుము బరువు మీరు కొలిచి రాస్తారు, దాని మీదే బిల్లు కదులుతుంది. మూడేళ్ల తర్వాత తనిఖీలో తేడా తేలితే మొదట పిలిచేది ఆ సంతకం ఎవరిదో వాళ్లనే. రాత్రి కాల్స్ పోతాయి, వాటి బదులు సంతకం బరువు వస్తుంది. చూడకుండా సంతకం పెట్టకపోవడం, రోజూ సైటు డైరీ రాయడం అలవాటు చేసుకుంటే ఆ బరువు మోయదగ్గదే. ఇప్పటికే ఆ శాఖలో ఉన్న ఇద్దరు జేఈలతో మాట్లాడి, ‘గత నెలలో మీరు ఎన్ని ఆదివారాలు సైటుకు వెళ్లారు’ అని అడగండి. ‘ఉద్యోగం ఎలా ఉంది’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు.

ఇంకో రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. మీ ప్రైవేటు అనుభవానికి ఇక్కడ విలువ సున్నా. జీతాల పట్టిక పే మ్యాట్రిక్స్‌లో మొదటి గడిలోనే మొదలుపెడతారు, ఏటా ఇంక్రిమెంటు 3 శాతం. ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్ల సర్వీసుకు పై లెవెల్ జీతం ఇచ్చే ఏర్పాటు ఉంది. మీకన్నా చిన్నవాళ్లు మీ పై అధికారులుగా ఉండవచ్చు, దానికి మనసు సిద్ధం చేసుకోండి. రెండోది పెన్షన్. 2025 ఏప్రిల్ 1 తర్వాత చేరేవాళ్లు యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) కావాలంటే చేరిన 30 రోజుల్లో ఎంచుకోవాలి. ఊరుకుంటే, మార్కెట్ రాబడి మీద ఆధారపడే జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్‌లో ఉండిపోతారు. యూపీఎస్‌లో 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్, దాని మీద కరువు భృతి. మీరు 29లో చేరితే 60కి 31 ఏళ్లు నిండుతాయి కాబట్టి పూర్తి పెన్షన్ అందుతుంది. స్థిరత్వం కోసమే వెళ్తున్నవారికి అదే నప్పుతుందని మా అభిప్రాయం.

చేరమనే చెబుతాం. నెలకు 66 వేలతో ఇల్లు గడవాలి, వచ్చిన శాఖ పని మీ ఒంటికి సరిపడాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆగండి. నోటీసు 90 రోజులైతే నియామక పత్రంలో ఇచ్చిన గడువు చాలదు. ఆఫర్ అందిన రోజే కంపెనీ నోటీసు నిబంధన జతచేసి, చేరే తేదీ పొడిగించమని శాఖకు రాతపూర్వకంగా పెట్టుకోండి. గడువు ముగిశాక పెట్టిన అర్జీకి విలువ ఉండదు. ధ్రువీకరణ పత్రంలో పాత కేసుల గురించి అడిగిన ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు రాయండి. కొట్టేసిన కేసు కంటే దాచిన కేసే ఉద్యోగం పోగొడుతుంది.

ప్రశ్న: విజయవాడలో ఒక కంపెనీలో అకౌంటెంట్‌ని. నెలకు 35 వేలు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో డేటా ఎంట్రీ పోస్టు ఉందని, 4 లక్షలు ఇస్తే ఇప్పిస్తామని, రెండేళ్లలో పర్మనెంట్ అవుతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. జీతం తగ్గుతుంది గానీ గవర్నమెంటు కదా అని ఆశగా ఉంది.

ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ప్రభుత్వ భవనంలో కూర్చున్నంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగి కారు. నియామక ఉత్తర్వు ఎవరు ఇస్తున్నారో చూడండి. నోటిఫికేషన్, రాత పరీక్ష లేదా మెరిట్ జాబితా, రోస్టరు (రిజర్వేషన్ల వరుస), మంజూరైన పోస్టు నంబరు, పే స్కేలు ఉన్న ఉత్తర్వు అయితేనే అది కొలువు. ఏజెన్సీ పేరు మీద, గడువు తేదీతో, ఒకే మొత్తం జీతం రాసి ఉంటే అది అవుట్‌సోర్సింగ్. గడువు పొడిగిస్తేనే ఉంటారు, పొడిగించకపోతే అడిగే దిక్కు ఉండదు.

‘రెండేళ్లలో పర్మనెంట్’ అన్న మాటకు సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో ఇచ్చిన రాజ్యాంగ ధర్మాసనం తీర్పు పెద్ద అడ్డు. నియామక పద్ధతి పాటించకుండా తీసుకున్నవారికి, ఎన్నేళ్లు పనిచేసినా, ఆ ఒక్క కారణంతో రెగ్యులరైజ్ చేయమని అడిగే హక్కు లేదని అందులో చెప్పారు. ప్రభుత్వాలు అప్పుడప్పుడు కొందరిని క్రమబద్ధీకరిస్తాయి, నిజమే. దాన్ని నమ్ముకుని 4 లక్షలు పెట్టడం మాత్రం తగదు. పైగా ఉద్యోగం కోసం లంచం ఇచ్చారు కాబట్టి మోసపోయాక ఫిర్యాదు చేయడానికి కూడా మీరే జంకుతారు. దళారులు లెక్కపెట్టుకునేది ఆ జంకునే.

సర్కారు కొలువే కావాలంటే అకౌంట్స్ తెలిసిన మీకు పరీక్షల దారి తెరిచే ఉంది. ఒక్క మాట గుర్తుంచుకోండి, రెగ్యులర్ కొలువులోనూ మొదటి కాలం గట్టిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరినవారికి ప్రొబేషన్‌లో నెలకు 15,000 మాత్రమే ఇచ్చారు. రెండేళ్లన్న ప్రొబేషన్ 2022 దాకా సాగింది. చేరేముందు ప్రొబేషన్ జీతం ఎంతో, ఎన్నేళ్లో నోటిఫికేషన్‌లో వెతకండి.

ప్రశ్న: చేతికి 1,10,000 వస్తోంది. 75,000 వచ్చే నెమ్మదైన ఉద్యోగం దొరికింది. ఇంటి రుణం ఇంకా 50 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం. పొదుపు 16 లక్షలు ఉంది. భార్య ఇంట్లోనే ఉంటుంది. మారొచ్చా?

ఇప్పుడు మీ ఈఎంఐ 43,391 ఉండాలి. 75 వేలలో అది 58 శాతం. ఆ స్థితిలో మారితే ప్రశాంతత ఆఫీసులో దొరికి ఇంట్లో పోతుంది.

10 లక్షలు రుణానికి కడితే ఈఎంఐ 34,713కు దిగుతుంది, జీతంలో 46 శాతం. బిగువుగా ఉన్నా నడుస్తుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ముందస్తుగా కట్టినప్పుడు ఏమీ చెప్పకపోతే బ్యాంకు మామూలుగా ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గిస్తుంది. వడ్డీ ఆదాకు అదే మంచిది గానీ మీకు కావలసింది నెలవారీ భారం తగ్గడం. ‘కాలం అదే ఉంచి ఈఎంఐ తగ్గించండి’ అని శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి, కొత్త చెల్లింపు పట్టిక తీసుకుని, ఖాతాలోంచి వెళ్లే ఆటోడెబిట్ మొత్తం మారిందో లేదో తర్వాతి నెల చూసుకోండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు గృహరుణానికి ముందస్తు చెల్లింపు మీద జరిమానా ఉండదు.

ఆ 10 లక్షలు ఎప్పుడు కట్టాలి? కొత్త ఉద్యోగంలో చేరి, రెండు జీతాలు పడ్డాక. ఒకసారి రుణానికి జమచేసిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. ఓవర్‌డ్రాఫ్ట్ సదుపాయం, అంటే వేసిన డబ్బు మళ్లీ తీసుకునే వీలు, ఉన్న గృహరుణమైతే ఈ భయం లేదు, ఇప్పుడే వేసేయవచ్చు. మిగిలిన 6 లక్షలు ముట్టుకోకండి, ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు దాంట్లోంచే. వడ్డీ తక్కువిచ్చే బ్యాంకుకు రుణం మార్చుకోవాలన్న ఆలోచన ఉంటే రాజీనామాకు ముందే ముగించండి. కొత్త చోట మూడు పేస్లిప్‌లు వచ్చేదాకా ఏ బ్యాంకూ మిమ్మల్ని పట్టించుకోదు.

రాజీనామా ఇచ్చే ముందు మూడు నెలలు, జీతం పడిన రోజే 35,000 వేరే ఖాతాలోకి పోయేలా పెట్టి మిగిలిన 75,000తో బతికి చూడండి. నెలాఖరుకు ఆ ఖాతాలోంచి ఎంత వెనక్కి తీసుకున్నారో రాసుకోండి. ఒక్క సంగతి ఈ పరీక్షకు దొరకదు: పిల్లల ఫీజులు, బీమా ప్రీమియాలు, ఇంటి పన్ను, పండగ ప్రయాణాలు. ఇవి మూడు నెలల్లో కనిపించకపోవచ్చు. నిరుటి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఏడాదికోసారి వచ్చిన ఖర్చులన్నీ కూడి, 12తో భాగించి, నెల ఖర్చులో కలపండి. అప్పుడు కూడా సరిపోతే మారండి.

ప్రశ్న: ఈ కంపెనీలో 4 ఏళ్ల 7 నెలలు పూర్తయ్యాయి. బేసిక్ 48,000. జీతం తక్కువైనా పని గంటలు తక్కువున్న కంపెనీలో ఆఫర్ వచ్చింది. నోటీసు 60 రోజులు. పీఎఫ్ డబ్బు తీసేసుకుంటే జీతం తేడా కొన్నాళ్లు సర్దుకోవచ్చు కదా?

పీఎఫ్ కంటే ముందు గ్రాట్యుటీ చూడండి. 5 ఏళ్లు నిండితే 48,000ను 15తో హెచ్చవేసి, 26తో భాగించి, 5తో హెచ్చవేస్తే వచ్చేది 1,38,462. దాని మీద పన్ను లేదు. ఈరోజే రాజీనామా ఇస్తే నోటీసుతో కలిపి 4 ఏళ్ల 9 నెలల దగ్గర ఆగుతారు. ఐదో ఏడాదిలో 240 రోజులు (వారానికి ఆరు రోజుల కన్నా తక్కువ పనిచేసే చోట 190) పూర్తయితే ఐదేళ్లుగానే లెక్కించి ఇచ్చే కంపెనీలున్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడిగి జవాబు దగ్గర పెట్టుకోండి, నోటి మాట వద్దు. ఇవ్వబోమని చెబితే మూడు నెలలు ఆగి రాజీనామా ఇవ్వండి. కొత్త కంపెనీ ఆగనంటే ఆ మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌గా అడగండి. నోటీసులో పనిచేసిన రోజులు సర్వీసులోకి వస్తాయి. డబ్బు కట్టి నోటీసు తగ్గించుకుంటే ఆ రోజులు రావు, దీన్ని మరిచిపోయి నష్టపోయేవాళ్లు ఎక్కువ.

పీఎఫ్ తీయకండి, కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. 5 ఏళ్ల సర్వీసు నిండక ముందు తీస్తే ఆ మొత్తం పన్నుకు గురవుతుంది, 50,000 దాటితే టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోస్తారు. మీరు పీఎఫ్ పెన్షన్ పథకంలో ఉంటే, అందులో 10 ఏళ్ల సర్వీసు నిండితేనే 58 తర్వాత పెన్షన్. ఆ పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే ఈ నాలుగున్నరేళ్లు ఆ లెక్కలోంచి పోతాయి. బదిలీ ఆగిపోయేది ఎక్కువగా పేరు దగ్గర. కంపెనీ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, అదీ ఒకచోట ముందు, మరోచోట వెనక. ఇది మన తెలుగువాళ్లకు పెద్ద తంటా. పాత కంపెనీలో ఉండగానే పీఎఫ్ వివరాలుండే యూఏఎన్ పోర్టల్లో పేరు, పుట్టిన తేదీ సరిచేయించుకోండి. వెళ్లిపోయాక వాళ్ల హెచ్ఆర్ వెంట తిరగడం కష్టం. బయటికొచ్చిన తేదీ నమోదైందో లేదో రెండు నెలల్లో చూసుకోండి.

ఆరోగ్య బీమా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. తల్లిదండ్రులు మీ గ్రూపు పాలసీలో ఉంటే రిలీవ్ కాకముందే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారమని దరఖాస్తు పెట్టండి. పాత జబ్బులకు ఇప్పటిదాకా గడిచిన కాలం కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు.

పాత చోట వచ్చిన జీతం, కోసిన టీడీఎస్ వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. ఇవ్వకపోతే ఇద్దరూ మొదటి నుంచి స్లాబులు వేసి పన్ను తక్కువ కోస్తారు, రిటర్న్ వేసేటప్పుడు ఒకేసారి వడ్డీతో కట్టాలి.

ప్రశ్న: ప్రభుత్వ పరీక్షలు రాసే వయసు దాటింది. ప్రైవేటులోనే ప్రశాంతంగా ఉండే పని ఎలా గుర్తుపట్టాలి? ఇంటర్వ్యూలో అందరూ ‘వర్క్ లైఫ్ బ్యాలెన్స్’ అనే చెబుతారు.

కంపెనీ పేరు చూసి ప్రశాంతతను లెక్కకట్టలేం. ఒకే సంస్థలో ఒక బృందం ఆరింటికి ఇంటికి పోతుంది, పక్క బృందం అర్ధరాత్రి దాకా ఉంటుంది. పని ఎక్కడినుంచి వస్తుంది, ఎవరికి జవాబు చెప్పాలి, గడువు ఎవరు పెడతారు, ఈ మూడూ తేల్చాలి. బయటి క్లయింటు గడువు పెట్టే చోట ఒత్తిడి తప్పదు. సొంత సంస్థకే పనిచేసే విభాగాల్లో, అంటే అంతర్గత ఆడిట్, జీతాల లెక్కలు, శిక్షణ, అంతర్గత సాఫ్ట్‌వేర్ వంటి చోట్ల, గడువులు ముందే తెలిసి ఉంటాయి. జీతాల విభాగంలో నెలాఖరు వారం నలిగిపోతారు, మిగిలిన మూడు వారాలు తెరిపిగా ఉంటుంది. ఆ మూడు వారాల కోసం ఆ ఒక్కవారం ఓర్చుకోగలరా అన్నది మీ స్వభావం.

ఇంటర్వ్యూలో లెక్క చెప్పాల్సిన ప్రశ్నలు వేయండి. ఆన్‌కాల్ (వేళ కాని వేళ ఫోన్‌కు అందుబాటులో ఉండాల్సిన) వంతు ఎంతమందికి, ఎన్ని వారాలకొకసారి? ఆరుగురుంటే ఆరు వారాలకోసారి, ఇద్దరే ఉంటే వారం విడిచి వారం. గత నెలలో రాత్రి పదిన్నర తర్వాత ఎన్నిసార్లు ఫోన్ వచ్చింది? ఏ దేశపు వేళలతో కలిసి పనిచేయాలి? అమెరికా పశ్చిమ తీరంతో అయితే వాళ్ల పొద్దున మన రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర అవుతుంది. అది ఏ మంచి మేనేజరూ మార్చలేడు. నేను వారం సెలవు పెడితే నా పని ఎవరు చూస్తారు? దీనికి వెంటనే ఒక పేరు చెప్పగలిగితే ఆ బృందం బాగున్నట్టు. కాస్త తడబడి ‘మేనేజ్ చేసుకుంటాం’ అంటే సెలవులోనూ మీరే చూడాలి. ఈ ఖాళీ ఎలా వచ్చింది, ముందున్నవారు ఎన్నాళ్లు చేశారు? ఏడాదిలో ఇద్దరు మారిన కుర్చీలోకి మూడోవారిగా వెళ్లకండి.

ఆఫర్ లెటర్‌లో షిఫ్టు వేళలు, పని చేసే చోటు, హోదా రాసి ఉండాలి. ‘వ్యాపార అవసరాల మేరకు ఏ షిఫ్టులోనైనా’ అన్న వాక్యం ఉంటే దాన్ని మార్చమని అడగండి. మార్చకపోయినా, మీ మేనేజరుతో మీరు మాట్లాడుకున్న వేళల్ని మెయిల్‌లో ధ్రువీకరించమనండి. జీతం తగ్గించుకుంటున్నప్పుడు బేరమాడటానికి మొహమాటపడతారు చాలామంది. నిజానికి అప్పుడే గట్టిగా అడగాలి, డబ్బు వదిలి ఆ వేళల్నే కదా తీసుకుంటున్నారు. జీతం తగ్గినా హోదా మాత్రం తగ్గనివ్వకండి, మూడేళ్ల తర్వాత మళ్లీ మారాల్సొస్తే మొదట చూసేది దాన్నే.

ఇంకో దారి. మారే ముందు ఇప్పుడున్న చోటే విభాగం మార్చమని అడిగి చూశారా? సర్వీసు, గ్రాట్యుటీ, బీమా చెక్కుచెదరవు. జీతం కూడా చాలాసార్లు అంతే ఉంటుంది. కోరిక చెప్పేటప్పుడు ‘ఒత్తిడి భరించలేను’ అనకండి. ఏ విభాగం, ఏ పని, మీ పాత పని ఎవరికి ఎన్ని వారాల్లో అప్పగిస్తారు, ఈ మూడూ ఒక పేజీలో రాసి తీసుకెళ్లండి.

ప్రశ్న: బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రశాంతమైన ఉద్యోగమేనా? ఉన్న ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరాలనుకుంటున్నాను.

భద్రత ఉంది, ప్రశాంతత తక్కువ. పీఓ ప్రారంభ బేసిక్ 48,480, జీతం బాగుంటుంది. కానీ డిపాజిట్లు, రుణాలు, బీమా పాలసీల అమ్మకం, వసూళ్లు, అన్నిటికీ టార్గెట్లే. రెండు మూడేళ్లకోసారి బదిలీ, భాష రాని రాష్ట్రానికి కూడా. ప్రభుత్వరంగమంటే కదలదనుకోవద్దు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంకులో కలిసింది. కొలువులు నిలిచాయి, బదిలీల చిత్రం మారిపోయింది. 2020 జనవరి ఆఖరుకు బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా స్వచ్ఛంద విరమణ తీసుకుని బయటికొచ్చారు. అవుట్‌డోర్ పని, అమ్మకం మాటలు పడని స్వభావమైతే పీఓ కన్నా కస్టమర్ సర్వీస్ అసోసియేట్, అంటే పాత క్లరికల్ పోస్టు, మీకు మేలు. జీతం తక్కువ, సొంత రాష్ట్రంలోనే ఉంటారు.

మానేసి చదవడం వద్దు. బ్యాంకు నియామక పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ద్వారా పీఓకు సాధారణ కేటగిరీలో 30 ఏళ్లు గడువు. దానికి ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో ముందు లెక్కపెట్టండి. మూడున్నాయనుకుంటే మొదటిది ఉద్యోగం చేస్తూనే రాయండి, పొద్దున రెండు గంటలు, శని ఆదివారాల్లో మాక్ టెస్టులు. ప్రిలిమ్స్ గట్టెక్కితే మెయిన్స్‌కు ముందు నెల రోజులు జీతం లేని సెలవు అడగండి. ప్రిలిమ్స్ కూడా రెండుసార్లు దాటకపోతే కోచింగ్ ఫీజు కట్టే ముందు ఆ రెండు స్కోరు కార్డులు తీసి ఏ విభాగంలో ఆగిపోయారో చూడండి. ఒక్క విభాగంలోనే అయితే ఆరు నెలల కోచింగ్ అక్కరలేదు, ఆ ఒక్క సబ్జెక్టుకే ఎవరైనా చెప్పేవారిని పెట్టుకోండి.